అపర్ణను పరమేశ్వరుడు అడిగిన ప్రశ్న

ధర్మసాధనకు శరీరమే మొదటి ఉపకరణమన్న మాట వినని తెలుగువారు అరుదు. వైద్యశాలల గోడల మీద, వ్యాయామశాలల ఫలకాల మీద ఆ సూక్తి తరచుగా కనిపిస్తుంది. అయితే ఆ మాటను ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో పలికారో ఆలోచించేవారు తక్కువ. అది మల్లయోధునికో, యుద్ధానికి బయలుదేరిన వీరునికో చేసిన బోధ కాదు. అన్నపానాలు మాని తపస్సు చేస్తున్న ఒక స్త్రీతో పలికిన మాట. పలికినవాడు సాక్షాత్తు పరమశివుడు.

మహాకవి కాళిదాసు కుమారసంభవం అయిదవ సర్గలో ఈ ఘట్టాన్ని చిత్రించాడు. శివుని పతిగా పొందగోరి పార్వతీదేవి ఘోర తపస్సుకు పూనుకున్నది. వేసవిలో నాలుగు అగ్నుల నడుమ కూర్చుని సూర్యునిపై దృష్టి నిలిపింది. చలికాలపు రాత్రులు నీటిలో నిలిచి గడిపింది. రాలిన ఆకులు తిని బతకడమే తపస్సుకు పరాకాష్ఠ అని లోకం భావిస్తే, ఆమె వాటిని కూడా విడిచిపెట్టింది. పర్ణాలను సైతం వర్జించినది కనుక అపర్ణ అయింది. అప్పుడొక బ్రహ్మచారి ఆమె ఆశ్రమానికి వచ్చాడు. ఆతిథ్యం స్వీకరించి, క్షణకాలం విశ్రమించి, కుశలప్రశ్నలు ఆరంభించాడు. హోమానికి సమిధలు, దర్భలు సులభంగా దొరుకుతున్నాయా? స్నానానికి తగిన నీరు లభిస్తున్నదా? ఆ వెంటనే, నీ శక్తికి లోబడియే తపస్సు చేస్తున్నావు కదా అని అడిగి, శరీరమే ధర్మానికి తొలి సాధనమని గుర్తుచేశాడు.

ఆ బ్రహ్మచారి మారువేషంలో ఉన్న శివుడే. ఎవరి కోసం ఆమె కృశించిందో, ఆయనే ఆమె శరీరక్షేమాన్ని విచారించాడు. మన ఇళ్లలోని తల్లులు, అక్కచెల్లెళ్లు, కోడళ్లు ఈ ఒక్క విషయాన్ని మనసులో నిలుపుకోవాలి. ఆకలిని అణచుకోవడం, జబ్బును దాచుకోవడం, వైద్యాన్ని వాయిదా వేసుకోవడం ఉత్తమ స్త్రీ లక్షణాలన్న భావన మన సమాజంలో బలంగా నాటుకుంది. దానికి ధర్మం పేరు కూడా తగిలించారు. ధర్మగ్రంథాలను శ్రద్ధగా పరిశీలిస్తే కనిపించేది వేరు.

సంకల్పంలో ఆమె పేరు

ఆలయంలో అర్చన చేయించడానికి వచ్చే గృహిణులను నలభై ఏళ్లుగా చూస్తున్నాను. గోత్రం చెబుతారు. భర్త పేరు, నక్షత్రం చెబుతారు. పెద్దబ్బాయి, కోడలు, విదేశంలో ఉన్న అమ్మాయి, అల్లుడు, మనుమలు... ఒక్కరి నక్షత్రాన్నీ మరువరు. “మరి మీ పేరమ్మా?” అని అడిగితే, “నాదెందుకు లెండి పంతులుగారూ, వాళ్లంతా చల్లగా ఉంటే చాలు” అనేవారే ఎక్కువ.

ఆ మాటలోని ప్రేమకు చేతులెత్తి నమస్కరించాలి. అయితే మేము చెప్పే సంకల్పంలో కుటుంబంతో సహా అందరి క్షేమాన్నీ కోరుతాం. అందులో ఆయుస్సు, ఆరోగ్యం ముందుగా వస్తాయి. ఐశ్వర్యం ఆ తరువాతే. కుటుంబమన్న మాటలో ఇల్లాలు లేకపోతే ఇక ఆ మాటకు అర్థమేమున్నది? కనుక ఆమె పేరు చెప్పకపోయినా భగవంతుని ముందు ఆమె ఆరోగ్యాన్ని కోరుతూనే ఉన్నాం. భగవంతుని అడిగిన దానిని మన చేతులతో మనమే తోసిపుచ్చుకోవడం తగునా?

ఇంట్లో ముందు ఎవరు భుజించాలి?

అందరికీ వడ్డించి, చివరకు మిగిలినదేదో తిని, ఏమీ మిగలకపోతే మజ్జిగతో సరిపెట్టుకోవడం ఎన్నో ఇళ్లలో ఇల్లాలికి అలవాటు. ఇదే సంప్రదాయమని పలువురు నమ్ముతారు. మనుస్మృతి మూడవ అధ్యాయం గృహస్థు ఇంట భోజన క్రమాన్ని వివరించింది. కొత్తగా పెళ్లయిన స్త్రీలు, బాలికలు, రోగులు, గర్భిణులు... వీరికి అతిథుల కంటే కూడా ముందుగా, ఏ సందేహమూ లేకుండా భోజనం పెట్టాలని అక్కడ స్పష్టంగా ఉన్నది. అతిథిని దేవునిగా భావించే ధర్మంలో, ఆ అతిథి కంటే ముందు వరుసలో గర్భిణిని, బాలికను నిలిపారంటే వారి ఆరోగ్యానికి ఎంత విలువ ఇచ్చారో గ్రహించాలి.

మరి అందరికంటే చివర భుజించేది ఎవరు? ఆ ప్రకరణంలోనే సమాధానం ఉన్నది. అతిథులు, ఆశ్రితులు తిన్న తరువాత మిగిలినదానిని దంపతులు తినాలన్నారు. భార్య ఒక్కతే అనలేదు. ఇంటి బరువు మోసే ఇద్దరూ ఆ క్రమంలో ఒకే చోట ఉన్నారు. భర్తలు భుజించక ముందు తాను భుజించనని ద్రౌపది సత్యభామతో అన్న ఘట్టం మహాభారతంలో ఉన్నది కదా అని కొందరు అడగవచ్చు. ఉన్నమాట నిజమే. తరువాత భుజించడం వేరు, చాలీచాలకుండా భుజించడం వేరు. వరుసలో వెనుక నిలిచిన వారికి విస్తరిలో తక్కువ వడ్డించమని ఆ ఘట్టం చెప్పలేదు.

ఆలయంలో అమ్మవారి నివేదనకు వేళలు ఉంటాయి. భక్తుల రద్దీ ఎంత ఉన్నా, ఉత్సవం ఎంత పెద్దదైనా నివేదన ఆగదు. రాత్రి ఏకాంతసేవతో విశ్రాంతి కూడా కల్పిస్తాం. గృహలక్ష్మి అని మనం పిలుచుకునే ఇల్లాలికి మాత్రం మధ్యాహ్నం మూడు గంటలకు భోజనం, అర్ధరాత్రికి నిద్ర! లలితా సహస్రనామాల్లో ‘సువాసినీ’ అన్నది అమ్మవారి నామమే. సువాసినీ పూజ చేసి తాంబూలం ఇచ్చే మనం, మన ఇంటి సువాసిని వేళకు తిన్నదా లేదా అని విచారించడం కూడా ఆ పూజలో భాగమే.

ఉపవాసం, వ్రతం, ఔషధం

ఉపవాసమంటే దైవానికి సమీపంగా వసించడం. ఆహార నియమం అందుకు సాయపడే సాధనం మాత్రమే. అతిగా తినేవానికి, బొత్తిగా తినని వానికి, అతిగా నిద్రించేవానికి, నిద్రే లేనివానికి యోగం సిద్ధించదని శ్రీకృష్ణ పరమాత్మ భగవద్గీత ఆరవ అధ్యాయంలో ఉపదేశించాడు. పదిహేడవ అధ్యాయంలో ఇంకా కఠినంగా, శాస్త్రవిహితం కాని తపస్సుతో దేహాన్ని పీడించేవారు ఆ దేహంలో ఉన్న తననే పీడిస్తున్నారని హెచ్చరించాడు.

“పంతులుగారూ, మాత్ర వేసుకుంటే ఉపవాసం చెడిపోతుందా?” శ్రావణ, కార్తిక మాసాల్లో మా వద్దకు తరచుగా వచ్చే ప్రశ్న ఇది. చెడిపోదు. వ్రతానికి భంగం కలిగించనివి ఎనిమిది అని శాస్త్రం లెక్కించింది. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం. మందును మన పూర్వులే ఆ జాబితాలో చేర్చారు. థైరాయిడ్ సమస్య ఉన్నవారు పరగడుపున మంచినీళ్లతో మాత్ర వేసుకున్న తరువాత పూజకు కూర్చోవచ్చు. నీరూ దోషం కాదు, ఔషధమూ దోషం కాదు. రక్తపోటు మాత్రలకూ ఇదే వర్తిస్తుంది. మధుమేహానికి మందులు వాడేవారు మరింత జాగ్రత్త వహించాలి. మందు వేసుకుని తిండి మానినా, తిండి తిని మందు మానినా ప్రమాదమే. చక్కెర ఒక్కసారిగా పడిపోతే స్పృహ తప్పవచ్చు. వీరు వైద్యుని అడిగిన తరువాతే ఉపవాసం సంగతి ఆలోచించాలి.

నిరాహారంగా ఉండలేనివారికి శాస్త్రం ప్రత్యామ్నాయాలు కూడా చూపింది. పగటిపూట ఒక్కసారి భుజించడం ఏకభుక్తం. పగలు ఉపవసించి రాత్రి భుజించడం నక్తం. ఏకాదశి ఉపవాస నియమం నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలను, ఎనభై దాటిన వృద్ధులను మినహాయించారు. గర్భిణులకు, బాలింతలకు పూర్తి ఉపవాసానికి బదులు నక్తాన్ని విధించారు. ఆ నక్తమైనా నేటి గర్భిణి వైద్యుని సలహా లేకుండా పాటించరాదు. కడుపులో ఉన్న శిశువుకు కూడా ఆ తల్లి తిన్న అన్నమే ఆధారం.

మరొక విషయం నిర్మొహమాటంగా చెప్పాలి. పండుగ వస్తున్నదంటే, తీర్థయాత్ర నిశ్చయమైందంటే నెలసరిని వాయిదా వేసే మాత్రలను మందుల దుకాణంలో నేరుగా కొని వాడే అలవాటు పెరిగింది. అవి హార్మోన్లకు సంబంధించిన మందులు. రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవారికి, కాలేయ వ్యాధి ఉన్నవారికి, మరికొందరికి హాని చేయవచ్చు. వైద్యుని అడగకుండా వాటి జోలికి పోరాదు. వరలక్ష్మీ వ్రతాన్ని శ్రావణ పూర్ణిమకు ముందు వచ్చే శుక్రవారం చేసుకోవడం ఆచారం. ఆ రోజు వీలుకాకపోతే మరొక శుక్రవారం చేసుకోవచ్చు. ఆ వెసులుబాటును సంప్రదాయమే ఇచ్చింది. మొదలుపెట్టిన వ్రతానికి మధ్యలో ఆటంకం వస్తే పూజను మరొకరిచేత చేయించవచ్చునని వ్రతగ్రంథాలు అనుమతించాయి. తిథి కోసం దేహానికి ముప్పు తెచ్చుకోమని ఏ దేవతా కోరదు.

మన పండుగలు ఆడపిల్లల ఆకలిని ఎంతగా గుర్తుంచుకున్నాయో తెలియాలంటే అట్లతద్దిని చూడాలి. ఆ రోజు ఉపవాసం ఉండబోయే పిల్లలను తెల్లవారుజామునే లేపి, గోంగూర పచ్చడితో, పెరుగుతో కడుపునిండా అన్నం పెడతారు. ఆ తరువాత ఆటలు, ఉయ్యాలలు. రాత్రి చంద్రదర్శనమై గౌరీపూజ ముగిశాక అట్లు. శ్రావణ వాయనాల్లో ఇచ్చే నానబెట్టిన శనగలు, సంక్రాంతి నువ్వులు... వ్రతం పేరుతో స్త్రీ చేతికి బలమైన ఆహారం అందేలా పెద్దలు ఏర్పాటు చేశారు.

సగానికి పైగా తల్లులకు రక్తం తక్కువ

ఇంత చెప్పవలసి రావడానికి కారణం ఉన్నది. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే వయసు పురుషులలో దేశవ్యాప్తంగా 25 శాతమే. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండిన అన్నం తినేవారి మధ్య ఇంత తేడా ఎందుకు? నెలసరి, కాన్పుల వల్ల స్త్రీ శరీరం ఇనుమును ఎక్కువగా కోల్పోతుంది. అంటే ఆమెకు పోషణ ఎక్కువ కావాలి. ఆచరణలో ఆమెకే తక్కువ దక్కుతున్నది.

గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం, తల తిరగడం, గుండె దడ, ముఖం పాలిపోవడం దీని లక్షణాలు. బియ్యం, బలపం, మట్టి తినాలనిపించడం కూడా కొందరిలో రక్తహీనతకు సూచనే. “వయసు మీద పడుతున్నది, పని ఎక్కువైంది” అని సరిపెట్టుకునే అలసటలో ఎక్కువ భాగం వెనుక ఈ లోపం దాగి ఉండవచ్చు. ఒక చిన్న రక్తపరీక్షతో తెలిసిపోతుంది. 2018లో ప్రారంభమైన ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. ఆ మాత్రలను టీ, కాఫీ, పాలతో కలిపి వేసుకోకూడదు. నిమ్మ, ఉసిరి వంటి పులుపు ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. తోటకూర, మునగాకు, శనగలు, నువ్వులు, రాగులు మన వంటింటికి కొత్తవి కావు. భోజనం కాగానే టీ తాగే అలవాటును కొంత వెనక్కు జరిపితే చాలు, తిన్నది మరింతగా ఒంటబడుతుంది.

సిగ్గుపడి దాచకూడనివి

రొమ్ములో గడ్డ తగిలినా, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. నొప్పి లేకపోవడం క్షేమానికి గుర్తు కాదు. నెలసరిలో అధిక రక్తస్రావం, రెండు నెలసరుల మధ్య రక్తస్రావం, నెలసరి నిలిచిపోయిన తరువాత మళ్లీ కనిపించే ఏ కాస్త రక్తమైనా వైద్యునికి చెప్పి తీరాలి. మన దేశపు స్త్రీలలో ఎక్కువగా కనిపించే క్యాన్సర్లు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే. రెండవది ముదరక ముందే పరీక్షతో పసిగట్టగలిగినది. 30 ఏళ్లు దాటిన స్త్రీలు ఆ పరీక్ష చేయించుకోవాలి. దానికి కారణమయ్యే వైరస్ సోకకుండా ఆడపిల్లలకు టీకా కూడా ఉన్నది. 9 నుంచి 14 ఏళ్ల వయసులో వేయిస్తే ఎక్కువ రక్షణ ఇస్తుంది.

గుండెపోటు మగవారి జబ్బని అనుకోవడం పొరపాటు. స్త్రీలలో అది ఒక్కోసారి ఛాతీనొప్పి తీవ్రంగా లేకుండానే ఆయాసం, దవడనొప్పి, వీపునొప్పి, వికారం, అంతుపట్టని నిస్త్రాణ రూపంలో రావచ్చు. గ్యాసు పట్టిందనుకుని సోడా తాగి పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దేహంలో ఏ భాగమూ అమంగళం కాదు. దేహాన్ని దేవాలయంగా భావించే మనం, ఆ ఆలయంలో ఏ మూల బీటవారిందో వైద్యునికి చెప్పడానికి సిగ్గుపడనవసరం లేదు.

నాతిచరామి అన్నవారికి

ఈ మాటలు చదువుతున్న పురుషులకు ఒక విన్నపం. ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను అతిక్రమించనని వివాహవేదిక మీద ‘నాతిచరామి’ అని ప్రమాణం చేశారు. అర్థమంటే సంపద. ఇంటి సంపాదనలో ఆమె వైద్యానికి అయ్యే ఖర్చు ఎవరో దయతో ఇచ్చేది కాదు, ఆ ప్రమాణంలోనే ఇమిడి ఉన్న హక్కు. ఆమె నోరు తెరిచి అడిగేదాకా వేచి ఉండకండి. శివుడు వేచి ఉండలేదు కదా!

చరకసంహిత గర్భిణి సంరక్షణను వివరిస్తూ గొప్ప ఉపమానం ఇచ్చింది. అంచుల దాకా నూనె నిండిన పాత్రను తొణకకుండా ఎంత మెలకువగా మోస్తామో, గర్భిణిని అంత మెలకువగా చూసుకోవాలన్నది. ఆ మెలకువ నేటి రోజుల్లో క్రమం తప్పని పరీక్షల రూపంలో ఉండాలి. 2016 నుంచి అమలులో ఉన్న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద, ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. భార్యను, కోడలిని వెంటబెట్టుకుని వెళ్లడం ఇంటివారి బాధ్యత.

త్యాగానికీ ఒక మేర ఉన్నది

“మా అమ్మ, మా అత్తగారు ఇలాగే బతికారు. నేను మాత్రం నా సుఖం చూసుకోవాలా?” అని కొందరు తల్లులు అడుగుతారు. త్యాగం మహాగుణమే. తన వద్ద ఉన్నదానిని ఇవ్వడం దానం. ఇచ్చే చేయి నిలవాలంటే చేతిలో సత్తువ ఉండాలి. యక్షుడు ధర్మరాజును లాభాలలో శ్రేష్ఠమైనది ఏదని అడిగాడు. నలుగురు తమ్ముళ్లూ నేలకూలి ఉన్నారు. రాజ్యం పరహస్తగతమై ఉన్నది. అయినా ఆయన రాజ్యమని అనలేదు, విజయమని అనలేదు. ఆరోగ్యమని సమాధానం చెప్పాడు. ఆ సమాధానం పురుషులకు ఒక విధంగా, స్త్రీలకు మరొక విధంగా వర్తించదు.

తల్లి మంచం పడితే ఇంట్లో దీపం పెట్టేవారుండరని మనం అంటూ ఉంటాం. అది నిజమే కానీ, అందుకోసమే ఆమె ఆరోగ్యంగా ఉండాలనడం సంపూర్ణ ధర్మం కాదు. ఆమెలో ఉన్నది కూడా పరమాత్మ అంశే. ఎవరికీ ఉపయోగపడని రోజున కూడా ఆమె ప్రాణం అంతే విలువైనది.

కనుక అమ్మలారా, రాబోయే శుక్రవారం దీపారాధన చేసి ఒక చిన్న సంకల్పం చెప్పుకోండి. ఈ నెలలో ఒకసారి రక్తపరీక్ష, రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించుకుంటానని. రోజూ వేళకు, వేడిగా, కడుపునిండా భుజిస్తానని. వాడవలసిన మందు ఏ పూజ కోసమూ మాననని. ఎన్నాళ్లుగానో లోపల దాచుకున్న బాధ ఏదైనా ఉంటే ఇంట్లో ఒకరికి, వైద్యునికి చెబుతానని. పిల్లల పరీక్షల తేదీలు, గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసుకునే ఆ క్యాలెండర్‌లోనే మీ ఆసుపత్రి తేదీ కూడా రాసుకోండి. ఆ తేదీ వచ్చినప్పుడు పని ఉన్నదని జరపకండి.

ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే మీరు, అన్నపూర్ణ కరుణతో పూర్ణాయుష్షుతో, పూర్ణారోగ్యంతో వర్ధిల్లాలని ఆ జగన్మాతను ప్రార్థిస్తున్నాను.